బండి కింద చెక్క

శివరాత్రి దాటి రెండు వారాలయ్యేసరికి రాయచోటిలో ఫ్యాను గాలి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడే ఎక్కడో మంచు దేశాల్లో కంపెనీలు వచ్చే చలికాలానికి తాము చేయబోయే మంచుబండ్ల వివరాలు బయటపెడతాయి. ఈ రెండు సంగతులూ కలిపి పట్టించుకునేవాళ్ళం మా ఊళ్ళో ఇద్దరమే. ఒకరు నిరుడు ఎండల్లో పోయారు. మిగిలినదాన్ని నేను.

మొన్న ప్రశ్నపత్రం ప్రింటు తీసుకుందామని కాలేజీ ఆఫీసుకు వెళ్ళి, అలవాటు కొద్దీ ఆ కంపెనీల పేజీలు తెరిచి పదహారు కాగితాలు ప్రింటు కొట్టాను. కాగితాలు వెచ్చగా చేతికొచ్చాక గుర్తొచ్చింది, వీటిని ఎవరికీ చదివి వినిపించనక్కర్లేదని. మా క్లర్కు తొంగి చూసి, "ఏం మేడమ్, మళ్ళా మంచుబండ్లా? ఆయప్ప పోయినాడు గదా!" అన్నాడు. "పోయినాడులే," అన్నాను కాస్త కటువుగానే. ప్రశ్నపత్రం మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

పోయేముందు ఆయన నాకొక పని అప్పగించారు. కర్నూలుకు పడమట, మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగి ఆటోలో పోతే వచ్చే ఒక పల్లెలో ఒకామె ఉంది. ఆమెకు ఒక మాట చెప్పి రావాలి. ఏడాది కావస్తోంది. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దడమన్నాను, మోకాళ్ళ నొప్పులన్నాను. వెళ్ళలేదు. ఆ పదహారు కాగితాలూ టేబుల్ మీద పడేసి చూస్తుంటే నా మీద నాకే విసుగేసింది.

ఆయన పేరు రాయడం లేదు. తన షెడ్డుకే పేరు పెట్టుకోని మనిషి. టీ అంగడికి ఎదురుగా నాలుగు రేకుల కింద ఉండేది ఆ షెడ్డు. బోర్డు లేదు. మిలిటరీలో మెకానిక్‌గా చేసి వచ్చాడని, మంచి చెయ్యి అని చెప్పుకునేవాళ్ళు. నేను అప్పుడే ఈ ఊరి జూనియర్ కాలేజీకి ఇంగ్లీషు లెక్చరర్‌గా బదిలీ మీద వచ్చాను. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం నా మోపెడ్ నడిరోడ్డు మీద ఆగిపోతే, తోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ అక్కడికి చేరాను.

ఆయన బండి వైపు చూడలేదు. గోడకు ఆనించి పేర్చిన వేపచెక్కల్లోంచి ఒకటి తీసుకొచ్చి, వెనక చక్రం దాని మీదికి ఎక్కించారు. ఆ తర్వాతే కింద కూర్చున్నారు. ఒక పాత గుడ్డ నీళ్ళలో తడిపి పెట్రోలు ట్యాంకు మీద, కింద పైపు మీద చుట్టారు.

"దీనికేం రోగం లేదు మా. ఎండకు పెట్రోలు ఆవిరైపోయి పైపులో గాలి నిలబడిండాది. మన ఊరి బండ్లకు రోగం వేడి, మందు నీళ్ళు. పది నిమిషాలు నీడలో కూర్చో."

"ఆ చెక్క ఎందుకన్నా?"

"అలవాటు."

ఎదురుగా టీ అంగడాయన వదులుతాడా! "ఏమప్పా, టైరుకు చలేస్తాందా? దుప్పటి గూడా కప్పు!" అని అరిచాడు. ఆయన నవ్వారు. రోజూ వినే మాటే కాబట్టి రోజూ నవ్వే నవ్వే నవ్వారు.

ఆ షెడ్డులో ఏ బండీ నేల మీద నిలబడేది కాదు. రెండు నిమిషాల పనికొచ్చినా సరే, ముందు చెక్క ఎక్కాల్సిందే. తొందరలో ఉన్నవాళ్ళు చిరాకుపడేవాళ్ళు. ఒకాయన "నాకు గాలి పట్టేది ఉండాది, చెక్కతో పనేంది?" అని గొడవపడి, వేరే షెడ్డుకు పోతానని బెదిరించాడు. పొమ్మన్నారు ఈయన. మాటల్లో ఎంత మెత్తనో చెక్క విషయంలో అంత మొండి. కుడిచేతి రెండు వేళ్ళకు చివరి కణుపులు లేవు. బోల్టు పట్టుకోవాలంటే బొటనవేలు, ఉంగరంవేలు కలిపి పట్టుకునేవారు. వేళ్ళకు ఏమైందని ఎవరడిగినా "బెల్టులో పడినాయి" అనేవారు. ఇంకొకటి, ఐసు ముక్క వేసిన ఏదీ నోట పెట్టేవారు కాదు. మే నెలలో, ఊరంతా చెరకురసం బండి చుట్టూ మూగి ఉంటే, ఈయన వేడి టీ ఊదుకుంటూ కూర్చునేవారు.

నేను ఇంగ్లీషు చెబుతానని తెలిసిన మరుసటి శనివారం మా కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో పాలిథిన్ కవరులో చుట్టిన పుస్తకం. తీసి చూపించారు. నూనె మరకలు, వేలిముద్రలు, నిండా ఇంగ్లీషు, మధ్యలో ఏదో యంత్రం బొమ్మలు.

"ఇది పడవా అన్నా?"

"స్కూటరు మా. మంచు మీద పోయేది."

నాకు నవ్వొచ్చింది. ఆయన నొచ్చుకోలేదు. అక్కడే, ఎండలో, చెప్పుకొచ్చారు. ముందు చక్రాలుండవు, రెండు పలకలుంటాయి, వాటిని స్కీలంటారు. వెనక చక్రం బదులు వెడల్పాటి రబ్బరు పట్టా, వరికోత మిషను కింది పట్టా మాదిరి తిరుగుతుంది. హ్యాండిలు మాత్రం మన స్కూటరుదే. లడఖ్ పైన, ఏడాది పొడుగునా మంచు కరగని ఎత్తులో, నాలుగు చలికాలాలు వాటినే బాగు చేశానన్నారు. బొమ్మలు చూసి పని నేర్చుకున్నారు గానీ అక్షరాలు చదవలేకపోయారు. "లోపల ఏం రాసినారో ఒక్కసారన్నా తెలుసుకోవాలని ఉండాది మా," అన్నారు.

అలా మొదలైంది. ఏటా శివరాత్రి తర్వాత ఒక శనివారం నేను కొత్త కాగితాలు ప్రింటు తీసుకుని షెడ్డుకు పోయేదాన్ని. ఆయన ఒక గోనెపట్టా తడిపి వాకిట్లో వేలాడదీసి, నాకు స్టూలు వేసేవారు. తాను కింద, చెక్కల పక్కన. నేను చదివి తెలుగులో చెబుతుంటే, అర్థం కానిచోట మొండి వేలు పైకెత్తేవారు. "ఆగు మా. ఆ ముక్క మళ్ళా చదువు."

మొదటి ఏడు వాటి పుట్టుక గురించి చదివాను. తొలినాటి మంచుబండి ఒక చిన్న బస్సంత ఉండేదని, డాక్టర్లూ టపా మోసేవాళ్ళూ బడిపిల్లలూ అందులో పోయేవాళ్ళని. అది కనిపెట్టినాయన కొడుక్కు జబ్బు చేస్తే, మంచులో ఆసుపత్రికి తీసుకుపోయే దారిలేక ఆ బిడ్డ చనిపోయాడని కూడా రాశారు.

"బిడ్డ పోయినాడా?"

"పోయాడట."

"ఆ బాధకే బండి చేసినాడా?"

"అంతకుముందు నుంచే ప్రయత్నాల్లో ఉన్నాడట. ఆ తర్వాత పట్టుబట్టి చేశాడు."

ఆయన లేచి చేతులు కడుక్కున్నారు. "ఈ పొద్దుకు చాలు మా," అన్నారు. అప్పటికి రెండు పేజీలు కూడా కాలేదు. నాకు ఒళ్ళు మండింది, అంత ఎండలో రప్పించి ఇదేమిటని.

తర్వాత ఏళ్ళలో ముందుకు పోయాం. రోడ్ల మీద మంచు తోసేసే యంత్రాలు వచ్చాక ఆ బస్సుబండ్లు ఎవరికీ అక్కర్లేకపోయాయట. అప్పుడు ఒకరిద్దరు కూర్చునే చిన్నబండి చేశారు. అది సరదాకు బాగుందని జనం ఎగబడ్డారు. ఇక చూసుకోండి, మోటారు సైకిళ్ళు చేసేవాళ్ళు, పడవ ఇంజన్లు చేసేవాళ్ళు, వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్ళు, అందరూ మంచుబండ్లు మొదలుపెట్టారు. ఊరికొక కంపెనీ అన్నంత.

"మనకు బోరు లారీలు వచ్చినాయే, అట్లన్నమాట," అన్నారాయన. "చీరలంగడోడు గూడా బోరు లారీ కొన్యాడు గదా అప్పుడు. ఆమీద?"

"ఆ తర్వాత పెట్రోలు కరువొచ్చింది. రెండు మూడు చలికాలాలు మంచు సరిగ్గా పడలేదు. చేసిన బండ్లు చేసినట్టే గోదాముల్లో ఉండిపోయాయి. కంపెనీలు వరసగా మూతబడ్డాయి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు."

ఆయన చాలాసేపు తల ఊపారు. "అంటే మంచు గూడా వాన మాదిరే మోసం చేస్తాదన్నమాట. వేరుశనగ విత్తనాలు తెచ్చిపెట్టుకోని ఆకాశం దిక్కు చూసే అంగడోళ్ళను చూసినాం గదా. పాపం, వాళ్ళూ మనోళ్ళే మా." కాగితం వైపు చూసి, "మంచు పడకపోతే బీమా ఏమన్నా ఇస్తారా వాళ్ళకు?" అన్నారు. నేను నవ్వితే ఆయనా నవ్వారు. ఇప్పుడు ఆ కంపెనీలు ఎండాకాలానికి ముందే ఆర్డర్లు తీసుకుని, ఎక్కువ భాగం ఆ లెక్కకే బండ్లు చేస్తున్నాయని చదివినప్పుడు, "దెబ్బ తిన్నాక తెలివొస్తాది," అన్నారు.

బండి కూడా మారుతూ వచ్చింది. ఆయన చేసిన రోజుల్లో పెట్రోల్లో నూనె కలిపి పోసే ఇంజను. తాడు పట్టి లాగితే స్టార్టు. ఎత్తు మారితే కార్బురేటర్లో పెట్రోలు వదిలే జెట్టు మార్చాలి, గడ్డకట్టిన చేతులతో. వెనక్కి పోవడానికి గేరుండేది కాదు, దిగి, వెనక భాగం ఎత్తి తిప్పుకోవాలి. పోనుపోను కార్బురేటరు పోయింది, తాడు పోయి బటనొచ్చింది, ఇనుప పలకలు పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి, నూనె కలపనక్కర్లేని ఇంజన్లొచ్చాయి. ఒక బటను నొక్కితే ఇంజనే ఆగి ఎదురు తిరుగుతుందని, అలా బండి వెనక్కి పోతుందని చదివితే మూడుసార్లు చదివించుకున్నారు. చేతిపిడులు వెచ్చగా ఉండేలా కరెంటు పెట్టారని చదివిన రోజు తన వేళ్ళు చూసుకున్నారు.

ఇక్కడా అదే జరుగుతోంది మరి. కార్బురేటరు బండ్లు తగ్గిపోయాయి. కొత్త బండికి రోగమొస్తే షోరూములో వైరు పెట్టి కంప్యూటర్లో చూస్తారు. ఆయన చెవికి ఆనించి వినే స్క్రూడ్రైవరుకు పని లేకపోయింది. చివరి మూడేళ్ళూ నేను పోయినప్పుడల్లా షెడ్డులో ఒకటో రెండో పాత మోపెడ్లు, ఊరికే కూర్చున్న ఆయన, గోడ దగ్గర ఖాళీ చెక్కలు. "యాడైనా ఒకటే మా. బండికి తెలివి పెరిగేకొద్దీ మాకు పని తగ్గుతాది," అనేవారు. ఫిర్యాదుగా కాదు, నడిచి నడిచి వచ్చి కూర్చున్న మనిషి అన్నట్టు అనేవారు.

ఎంత చదివినా చివర ఒకటే ప్రశ్న. "కింద పట్టా గడ్డ కట్టకుండా ఏమన్నా చేసినారా?"

నేను వెతికేదాన్ని. కొత్త బండి పుస్తకాల్లో కూడా పాత మాటే ఉండేది. నిలిపేటప్పుడు పట్టా మంచుకు అంటుకోకుండా చూసుకోండి, అంటుకుంటే బండి పక్కకు వంచి విడిపించండి.

"లేదన్నా. జాగ్రత్త పడమనే రాశారు."

"అంటే చెక్కే." కాగితాలు మడిచి కవర్లో పెట్టుకునేవారు. ముఖం వాడిపోయేది. మెకానిక్కు కదా, ఏదో పట్టింపు అనుకున్నాను చాన్నాళ్ళు.

ఆయన ఏటా శ్రావణంలో మంత్రాలయం పోయేవారు. వచ్చాక టీ అంగడిలో అందరికీ ప్రసాదం పంచేవారు. స్వామి భక్తుడనే అందరం అనుకున్నాం. ఒక ఏడు నన్నడిగారు. "నువ్వు గూడా రా మా. ఒకామెకు ఒక మాట చెప్పేది ఉండాది. నువ్వు పక్కన ఉంటే నోరు పెగులుతాదేమో." కడపలో పొద్దున రైలెక్కాం. గుంతకల్లు దాటాక, కిటికీలోకి చూస్తూ చెప్పారు.

"పైన మంచులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే మా, నేనూ ఆయమ్మ మొగుడూ. వాడు కర్నూలు పడమటోడు. డబ్బులను దుడ్లు అంటాడు, చెప్పలే అంటాడు. నేను చెప్పలా అంటా. దాని మీదనే ఎగతాళి చేసుకోని పొద్దు పుచ్చేవాళ్ళం. ఒక దినం సాయంత్రం కిరసనాయిలు డబ్బాలు తోలి తోలి వచ్చినా. బండి కాలిపోతాండాది. వేడి బండిని మంచు మీద నిలిపితే కింద మంచు కరుగుతాది, మళ్ళా గడ్డ కట్టి పట్టాను కరుచుకుంటాది. అందుకని చెక్క పెట్టాల. తెలుసు నాకు. అలిసిపోయినా మా. చెక్క పది అడుగుల దూరంలో ఉండాది. పోలా."

ఆయన గొంతు మారలేదు. ఇవన్నీ లోపల ఎన్నోసార్లు చెప్పుకున్న మాటల్లా వచ్చాయి.

"తెల్లారేతలికి వానికి ఊపిరాడలా. ఆ ఎత్తులో వచ్చే రోగమే. గబగబా కిందికి దించితే శానామంది బతుకుతారు. మబ్బులకు హెలికాప్టరు రాలా. నా బండి ఒక్కటే దిక్కు. ఇంజను ఒక్క లాగుకే లేసింది. బండి కదల్లా. పట్టా అతుక్కోనిండాది. మంచు గొడ్డలితో చెక్కుకుంటూ పోయింటే అరగంటలో వచ్చేది. నాకు ఏం తోచింది? నీళ్ళు. పుట్టినప్పటి నుంచి బండికేమన్నా అయితే మనం నీళ్ళే గదా పోసేది! స్టవ్వు మీద క్యాను నిండా వేడినీళ్ళుండాయి. తెచ్చి పోసినా. ఒక పక్క వదిలింది. బతికినాం రా అనుకున్నా. ఆ నీళ్ళు పట్టాను తిప్పే లోపలి చక్రాల్లోకి పోయి, నేను ఇంకో పక్కకు తిరిగేలోపల గాజు మాదిరి బిగుసుకున్నాయి. రేజు చేస్తే ఇంజను నుంచి పట్టాకు పోయే బెల్టు కాలిపోయింది. చేతి తొడుగులు తీసేసి గోళ్ళతో గీకినా. ఈ వేళ్ళు ఆ పొద్దే పోయినాయి. మిగతా జవాన్లు వాణ్ణి మంచు మీద జారే స్లెడ్జి మీద పెట్టి లాక్కోని పోయినారు. దారిలోనే పోయినాడు."

అప్పుడు నాకు అర్థమైంది. పట్టా గడ్డకట్టకుండా కంపెనీలు ఎప్పుడైనా ఏదైనా చేసి ఉంటే, ముందున్న బండిలో లోపం ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టు. అప్పుడు తప్పు బండిది. చేయకపోతే తప్పు ఈయనది. ఏటా నాతో ఆ తీర్పే చదివించుకుంటున్నారు. నేనేమో ఎండను తిట్టుకుంటూ చదువుతున్నాను.

ఆ పల్లెలో ఆమె ఇంటి ముందు గదిలో పిండి మిషను నడుపుకుంటోంది. భర్త పోయినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్ళట. గట్టిగా మాట్లాడే మనిషి, జుట్టు మీదా కనురెప్పల మీదా జొన్నపిండి. "ఇగో, వచ్చినాడప్పా మా మిషను డాక్టరు!" అంది. ఈయన చెప్పులు విడిచి నేరుగా మిషను దగ్గరికి పోయారు. బెల్టు సరిచేశారు, బేరింగుకు గ్రీసు పెట్టారు. ఆమె మోపెడ్‌ను చెక్క మీదికి ఎక్కించి ప్లగ్గు తుడిచారు. గంట, రెండు గంటలు. మాట మాత్రం రాలేదు.

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను తాగాను. ఆయన, "వద్దు మా, దారిలో తాగినా," అన్నారు. ఆమె కాసేపటికి అంగడి నుంచి సీలు తీయని నీళ్ళ బాటిలు తెప్పించి ఆయన పక్కన పెట్టింది. ఆయన దాన్నీ ముట్టలేదు. బయల్దేరేటప్పుడు ఆ బాటిలు ఉన్నచోటే ఉంది. ఆమె దాని వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. నేనది పెద్దగా పట్టించుకోలేదు.

తిరుగు రైల్లో అడిగాను. "చెప్పలేదేమన్నా?"

"వచ్చే ఏడు చెప్తా మా."

"దీనికోసమా నన్ను అంత దూరం తిప్పింది?" అనేశాను. ఆయన తల వంచుకున్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

నిరుడు మార్చిలో కడప ఆసుపత్రిలో ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు. ఆక్సిజన్ పైపు ముక్కులో ఉంది. కాగితాలు తెచ్చావా అని సైగ చేశారు. చదివాను. కరెంటుతో నడిచే మంచుబండ్లు వచ్చాయని, శబ్దం లేదని, పొగ లేదని. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పెద్ద కంపెనీ ఒకటి ఇక మంచుబండ్లు చేయడం మానుకుంటున్నదని. "వాళ్ళు గూడానా?" అన్నారు. ఆ తర్వాత ఆ ప్రశ్న అడిగారు.

రెండు రాత్రులుగా నిద్రలేదు నాకు, ఇంట్లో వేరే బాధలు. ఆ ముఖం చూస్తూ లేదని చెప్పే ఓపిక లేకపోయింది.

"చేశారన్నా. పట్టా కింద హీటరు పెట్టారట ఈ ఏడు. ఇక గడ్డ కట్టదు."

ఆయన కాగితం అడిగి తీసుకున్నారు. మొండి వేలితో తడుముతూ ప్రతి పేజీ తిప్పారు. అక్షరాలు రావు గానీ బొమ్మలు ఆయనకు వచ్చినంతగా ఎవరికీ రావు.

"బొమ్మ లేదే మా."

"వేయలేదు."

"ఇంత పెద్ద మార్పు చేసి బొమ్మ వేయకుండా ఉంటారా?" కోపం లేదు ఆ మాటలో. కాగితాలు నా ఒళ్ళో పెట్టారు. "నువ్వు శానా అలిసిపోయినావు. ఇంటికి పో." నేను లేస్తుంటే కొంగు పట్టుకుని ఆపారు. "ఆయమ్మకు నువ్వే చెప్పు మా. ఇరవై ఏండ్లు పోయినా, నాతో కాలా. చెక్క సంగతి చెప్పు. నీళ్ళ సంగతి గూడా చెప్పు. దేన్నీ దాచొద్దు."

నాలుగో రోజు పోయారు.

ఆ పదహారు కాగితాలు ప్రింటు తీసిన వారం, ఆదివారం నాడు, రైలెక్కాను. ఆమె మిషను కట్టేసి, ఇంటి ముందు నీడలో జొన్నలు చెరుగుతోంది. మోపెడ్ చెక్క మీదే ఉంది. నన్ను గుర్తుపట్టి, నా వెనక చూసింది.

"ఆయప్ప రాలేదా?"

"పోయారక్కా. నిరుడు."

చేట కింద పెట్టింది. "అనుకుంటి. శ్రావణంలో రాకపాయ. ఏమిటికి చెప్పి పంపలే మాకు?"

వచ్చిన పని చెప్పేశాను. కిరసనాయిలు డబ్బాలు, పది అడుగుల దూరంలో చెక్క, పొద్దున్నే పట్టుకున్న జబ్బు, కదలని బండి. ఆమె ఒక్కచోట మాత్రం ఆపింది.

"చెక్క పెట్టింటే బతికేటోడా?"

"తెలియదక్కా. బతికుండేవాడేమో. ఆయన అలాగే అనుకున్నారు."

ఆమె పైటతో ముఖం తుడుచుకుంది. నేను నీళ్ళ సంగతి కూడా చెప్పాను. పోయగానే ఎలా గడ్డకట్టాయో చెప్పాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"నీళ్ళు యాడివి మా అంత మంచులో?"

"తాగడానికి కరిగించి పెట్టుకున్నవి. అక్కడ నీళ్ళు కావాలంటే స్టవ్వు మీద మంచు పెట్టి గంటలు గంటలు కరిగించుకోవాలట."

"అందరూ తాగే నీళ్ళా?"

"అందరూ తాగేవే."

"అన్నీ పోసినాడా?"

"క్యాను మొత్తం."

ఆమె లేచి వెళ్ళి మోపెడ్ దగ్గర నిలబడింది. కాలి బొటనవేలితో చెక్కను కాస్త కదిపి, మళ్ళీ సర్దింది. మాట్లాడినప్పుడు గొంతు కోపంగానే ఉంది.

"మేం రెండు మైళ్ళు బిందె మోసినోళ్ళం మా. తాగే నీళ్ళు ఒక చెంబు ఒలికినా మా అత్త తిట్టేది. తాగే నీళ్ళన్నీ తెచ్చి నా మొగుని కోసం నేల మీద పోసినోణ్ణి నేనేమంటా? ఏడుస్తాంటి. ఏడ్చి, సంగటి పెట్టి పంపిస్తాంటి. ఆ మాట చెప్పేకి ఇరవై ఏండ్లా?" ఊపిరి తీసుకుంది. "ఇరవై ఏండ్లు వచ్చినాడు, మిషను బాగు చేసినాడు, ఒక్కనాడు నా ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగలే. మా కులానికి తాగడేమో అనుకుంటి. చెంబు కళ్ళ ముందరే కడిగి ఇచ్చి చూస్తి. అంగట్లో సీలేసిన బాటిలు తెచ్చి పెడ్తి. అదీ తాగలే. వచ్చినప్పుడల్లా ఆ రాత్రి నాకు కూడు దిగకపోయ్యేది. నా మొగునితో ఒక కంచంలో తినింటాడు గదా పైన, నా చేతి నీళ్ళు పనికిరావా అని."

"అది కాదక్కా. ఈ మాట చెప్పకుండా మీ ఇంటి నీళ్ళు తాగలేకపోయారు," అన్నాను.

"ఇప్పుడు తెలిసింది గదా, కాదని. ఆయప్పకు తెలుసునా, నేనట్ల అనుకుంటాండానని?"

తెలియదు ఆయనకు. తన తప్పు తప్ప ఇంకేదీ కనపడలేదు ఆ మనిషికి. నేను ఏడాది కిందటే వచ్చి ఉంటే ఈమెకైనా ఒక ఏడాది ముందు తెలిసేది. ఆ సంగతి కూడా చెప్పేశాను, ఆలస్యం నాదని. ఆమె వినిపించుకోలేదు.

లోపలికి పోయి చెంబు తెచ్చింది. ఈసారి నా ముందు కడగలేదు. ఇచ్చింది, తాగాను. ఖాళీ చెంబు తీసుకుపోయి మళ్ళీ నిండా ముంచుకొచ్చింది.

"ఇది ఆయప్పది. నువ్వే తాగిపో."

రెండో చెంబు కష్టమైంది. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆమె ఎదురుగా నిలబడి, చెంబు ఖాళీ అయ్యేదాకా చూసింది.